రెండొందల ముప్పై పొట్లాలు

క్యాటరింగతను ప్లేటుకు తొంభై అన్నడు.
రెండొందల ముప్పై మంది.
కండక్టర్లం గదా, లెక్క నాలుక మీదనే ఉంటది.
ఇరవై వేల ఏడొందలు.
చందా డబ్బా బోర్లిస్తే ఆరువేల నాలుగొందలు,
అందుల ఒకటి చినిగిన యాభై.

"మనమే చేద్దాం తియ్" అన్నది మొగులమ్మ,
ఫస్ట్ ట్రిప్పు దిగి
ఖాకీ చొక్కా ఇంకా విప్పకనే.

బేగంబజార్ల పన్నెండు కిలోల సన్నటుకులు.
బస్తాల చెయ్యి పెట్టి నలిపి చూసింది నసీమా:
"మెత్తబడ్డయ్ సేటూ, లోపలి బస్తా తియ్."
పుట్నాలు, పల్లీలు, ఎండుకొబ్బరి.
జీడిపప్పు డబ్బాల ముందు
అందరం ఒకసారి నిలబడ్డం.
ఎవ్వరం ఏమనలే.
ముందుకు నడిచినం.

చిలకలగూడల మా డాబా మీద
రెండు పాత చీరలు పరిచి అటుకులు ఆరబోసినం.
ఎండ తాగిన అటుకు నూనె ఎక్కువ తాగదు,
మా అత్త చెప్పిన ముచ్చట.
పావురాలను అదిలించెటందుకు మా చిన్నోణ్ని కూసోబెడితే
పావురాలే నయం.

కడాయి నసీమా వాళ్ల గల్లీది.
కిరాయి లేదు, తోమి ఇస్తే చాలన్నరు.
ఆవాలు చిటపటమన్నయ్,
పచ్చిమిర్చి ఘాటుకు పక్కింటాయన తుమ్ముకుంట
కిటికీ మూసిండు, మళ్ల తెరిచిండు.
ఎల్లిపాయ, కరివేపాకు, పసుపు, ఇంత చక్కెర.
చుడువ పచ్చగ మెరిసింది.

ఇంకో పొయ్యి మీద మురుకులు.
రేషన్ బియ్యం కడిగి, ఆరబెట్టి, గిర్నిల పట్టించిన పిండి,
వాము, నువ్వులు.
గొట్టం తిప్పి తిప్పి మొగులమ్మ భుజం పట్టేసింది.
ఇరవై ఆరేండ్లు నిండు బస్సుల నిలబడ్డ మనిషి
మొదటిసారి "కూసుంట" అన్నది.

పొట్లాలకు పాత వేబిల్లులు,
తూకానికి పోయేటివి, స్టోర్ల అడిగి తెచ్చినం.
రాయని దిక్కు లోపలికి.

పదిన్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడు.
బాలమణి!
రేపు ఎవరికి దండ వేస్తమో ఆమెనే.
ఆఖరి డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన మనిషి
వాసన పట్టుకొని వచ్చింది.
దాచెటందుకు ఏముంది, కడాయంత పెద్దగ కనవడుతుంటే.

ఒక పిడికెడు నోట్లె వేసుకొని
"ఉప్పు తక్కువైంది" అన్నది.
కొంగు దోపుకొని చాప మీద కూసున్నది.
"నా పార్టీకి నేనే పొట్లాలు కట్టాల్నా, సిగ్గులేనోళ్లారా"
అనుకుంట కడుతనే ఉన్నది,
టికెట్టు చింపినంత సుళువుగ.

నడుమ ఒక కాగితం దగ్గర చెయ్యి ఆగింది.
ఆమె రాతే.
"ఈ రోజు ఏడు రూపాయలు తక్కువొచ్చినయ్,"
బల్బు కిందికి జరిపి చూసింది,
"జీతంల కోసిండ్రు. పసిపిల్ల ఒళ్లె ఉన్నదని
ఒకామెకు టికెట్టు అడగలే నేను."
ఆ కాగితాన్ని పొట్లం చుట్టింది.
నిండ నింపింది, పైన ఒక మురుకు గుచ్చింది.
ఎవరి దిక్కూ చూడకుంట తిన్నది,
కరకరమని, ఆఖరి పల్లీ దాక.

పొద్దుగాల డిపోల బల్ల మీద పేర్చి
మొగులమ్మ ఒకసారి, నేనొకసారి లెక్కవెట్టినం.
రెండొందల ఇరవై తొమ్మిది.
చాయ్‌కని ఉంచిన పైసలల్ల నూట పది మిగిలినయ్.
ఒక పొట్లం తక్కువ.

రిపోర్టు ఎవ్వరం రాయలే.