ఎర్ర బల్బు

టాంపెరెలో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
బల్ల మీద నా సంసారం:
అద్దం పగిలిన చదువుల పలక,
చలికి ప్రాణం విడిచే చేతి గడియారం,
మూడు కేబుళ్ళు, ఏది దేనిదో నాకే తెలీదు.

మా అపార్ట్‌మెంటు మొత్తానికీ కింద ఒకటే సౌనా.
రాళ్ళు వేడెక్కగానే ఫోను మోగాలని
నాలుగు రాత్రులు కూర్చుని చిన్న యాప్ రాశాను.
స్టోర్ వాళ్ళు తిప్పి పంపారు:
"దీనివల్ల ప్రయోజనం చాలదు."

ప్రయోజనమట!
మోకాళ్ళ నొప్పితో మూడంతస్తులు దిగి
చల్లటి రాళ్ళను చూసి మళ్ళీ ఎక్కే
హెల్విని అడగండి.

ఫోను కొన్నది నేను.
తాళంచెవి మాత్రం
సముద్రం అవతల ఎవరి మొలతాడుకో వేలాడుతోంది.

అయినా ఒప్పుకోవాలి,
నిరుడు దొంగ యాప్ ఒకటి
తాయిస్తో పింఛను ఊడ్చుకుపోయినప్పుడు
తాళాలు ఇంకా గట్టివి వెయ్యరేం అని అరిచిందీ నేనే.

నిన్న సొరుగులో పాత ఎర్ర బల్బు దొరికింది.
సౌనా నుంచి మెట్ల దాకా తీగ లాగాను.
ఇవాళ వెలిగింది,
ఎవరినీ అడక్కుండా.

భుజాన తువ్వాలు వేసుకుని
హెల్వి మెల్లగా దిగుతోంది.
బల్బు కేసి చూసి
"మరి దీనికి అప్‌డేట్ ఎప్పుడోయ్?" అంది.