మేమా, మనమా

ప్రకాశం బజార్ల మా డీటీపీ షాపుకు
పొద్దుగూకినంక వచ్చింది ముత్యాలక్క,
చేతిల ఒక ఇంగ్లీషు కాయితం.
నలభై రెండు దేశాలల్ల, ఒక్కటే దినం,
ఎవరి భాషల వాళ్లు నిలబడి చదువుతరంట.
తెలుగుది నల్లగొండల, క్లాక్ టవర్ కాడ.
"పేజీకి ఎంత?" అన్నది.
"టైపుకు ముప్పై.
తర్జుమాకు నాకు రేటు తెల్వదక్కా."

పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు,
బత్తాయి తోటల అమ్మకం కాయితాలు,
ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంగినోళ్ల పింఛను అర్జీలు
పద్దెనిమిదేండ్ల సంది కొట్టిన వేళ్లు
ఈ కాయితంల మొదటి మాటకే ఆగినయ్.

'డిగ్నిటీ' కాడ గౌరవం అని కొట్టిన.
అక్క మూతి తిప్పింది:
"గౌరవమంటే శాలువ కప్పినట్టుంది.
ఇయ్యాల కప్పుతరు, తెల్లారి మర్సిపోతరు.
ఇజ్జత్ అని రాయి బిడ్డా.
పోయినంక తెలుస్తదే, అది."

'కమింగ్ అవుట్' కాడ బయటపడుడు అన్న.
"దొంగతనం బయటపడ్తది.
బాయిల పడ్డోడు బయటపడ్తడు.
నేను ఏది?"
జరసేపాగి తానే అన్నది:
"రెండూ అయిన తీయ్. ఉండనియ్ ఆ మాట."

'ఓరియెంటేషన్'కు డిక్షనరీల ధోరణి ఉన్నది.
ధోరణి తాగినోనికుంటదని కొట్టేపిచ్చింది.
బత్తాయిల తక్కెడ యాదికొచ్చింది నాకు,
ఎవరూ ముట్టకుండనే
దాని బరువుకు అది ఒక దిక్కు వాలుతది.
మొగ్గు అని రాసిన.
అక్క నా మొకం దిక్కు చూసింది,
కాయితం దిక్కు కాదు.

ఆఖరి పేరా 'వీ' తోని మొదలైతది.
ఇంగ్లీషుకు ఒక్కటే 'వీ'.
ఎవరు లోపల, ఎవరు బయట, అడగదు.
మన భాష అట్ల ఇడ్సిపెట్టదు,
కడప మీద నిలవెట్టి అడుగుతది:
మేమా? మనమా?

మేము అంటే
ఇనేటోడు బయట.
మనము అంటే
ఆటో ఆపకుంట పోయినోడు లోపటికొస్తడు,
లాఠీ పట్టినోడొస్తడు,
కిరాయికియ్యనన్న ఇంటామె వస్తది.
టైపు కొట్టేటోడు సుత.

కర్సర్ మిణుకుమంటనే ఉన్నది.
జేబుల ఫోను మోగింది.
'పేపర్ ఏజెన్సీ' అని పడ్డది.
నాకు ఏ పేపర్ ఏజెన్సీ లేదు.
సూర్యాపేట ఆఖరి బస్సు దిగి
టికెట్ల మిషిని సంకల వెట్టుకొని
బువ్వ తిన్నవా అని అడిగే గొంతొకటున్నది,
పదకొండేండ్ల సంది.
కట్ చేసిన.

మేము అని కొట్టి ప్రింటు తీసిచ్చిన.
పైసలియ్యబోయింది, తీస్కోలే.
"ఉత్తగ చేసినవంటే..." అన్నది.
మిగిలింది అనలే.

ఆ దినం క్లాక్ టవర్ కాడ ఏడుగురు.
ఒకామె చున్నీ మొకానికి కట్టుకున్నది.
నార్కట్‌పల్లి పోరడొకడు, కాలేజి బ్యాగుతోనే.
గాలికి బ్యానరు రెండుసార్లు మడతవడ్డది.
నేను రోడ్డుకివతల, బత్తాయి రసం బండి నీడల.
ఇదే పొద్దుకు
ఏ దేశంలనో మంచు పడుతుండొచ్చు,
ఏ దేశంలనో ఈ పేజీ సదివితే జైలుండొచ్చు.
ఈడ హారన్లు.
అక్క గొంతు సగం వాటికే పోయింది.
ఆఖరి పేరా మాత్రం ఇనవడ్డది.
"మనము అడుగుతున్నం" అన్నది.
నేను కొట్టిన మాట కాదది.
కాయితం చూడకుంటనే సదివింది,
నా దిక్కు సుత చూడకుంటనే.

బండాయన బత్తాయి కోస్కుంట అడిగిండు:
"ఎవలన్నా వాళ్లు?"

గ్లాసు చల్లగున్నది.
నోట్లెకెల్లి వచ్చినదాన్ని చెరిపే మీట
ఏ కీబోర్డుల లేదు.
"మనోళ్లే" అన్న.

"అట్లనా" అని
ఐసు కొట్టుడు మొదలువెట్టిండు.
చిల్లర ఇయ్యుడు మర్సిపోయిండు.
నేనూ అడగలే.