మరియమ్మగా కూర్చున్నవాణ్ణి

ఆదివారం తిన్న కోడి ఎముకల్ని
పొయ్యిలో తెల్లగా కాల్చి
మెత్తగా నూరి, ఉమ్మి కలిపి
కాగితానికి పూయడం నా పని.
ఆ పూత మీదే వెండి ములికి పలుకుతుంది.
ఒకసారి పలికిందా, ఇక చెరపలేం.
బొగ్గు గీతనైతే రొట్టెముక్కతో తుడిచేస్తాం,
ఆకలేస్తే ఆ రొట్టే తినేస్తాం.

ప్రాతో ఊళ్ళో ఉన్ని ఏకేవాళ్ళ సంఘం
మా గురువు లాపోకి పటం పురమాయించింది.
పత్రంలో నీలం ధర రాశారు,
బంగారం తూకం రాశారు,
దూత రెక్కలకు ఎన్ని రంగులో రాశారు.
మరియమ్మ ముఖం ఎవరిదో రాయలేదు.

ఆడపిల్లలు వచ్చి అంగట్లో కూర్చోరు కదా,
నన్ను కూర్చోబెట్టాడు.
పదమూడేళ్ళు. మూతి మీద నూగైనా లేదు.
గురువుగారి భార్య తలగుడ్డ నా నెత్తిన,
దాన్నిండా ఉల్లిపాయ వాసన.
"తల వంచు. ఇంకాస్త.
ఎవరో పిలిచారు, నీకు వెళ్ళాలని లేదు,
అయినా వెళ్తావు. అట్లా చూడు."
అదేం కొత్త?
రోజూ నీళ్ళకు పిలుస్తాడుగా.

ఎండుటాకు మీద చీమ నడిచినంత చప్పుడు.
మెడ కింద దురద.
చలికి చిట్లిన నా కింది పెదవిని
చిట్లినట్టే గీశాడు.
"అది వదిలెయ్యండి" అన్నాను.
"వెండి వెనక్కి రాదురా, పాన్‌ఫిలో."

ఆ బొమ్మను పెద్ద కాగితానికి పెంచి
గీత వెంట గీత సూదితో పొడిచి
బొగ్గుపొడి మూటతో తట్టాం.
నా ముఖంలోంచి నేను
నల్లటి చుక్కలై పలక మీదికి రాలాను.
మొదటి కాగితం వెనక
ఎవరో గుడ్ల లెక్క రాసుకున్నారు.

మూడేళ్ళకు మహమ్మారి.
సంఘం వాళ్ళే శవాలు మోశారు.
మా చెల్లి నెన్చానీ వాళ్ళే మోశారు.

అమ్మకు లాటిన్ రాదు, సగం ప్రార్థన తప్పులే.
పటం ముందు మోకరిల్లి మన మాటల్లోనే అంది:
"తల్లీ, నువ్వూ బిడ్డను పోగొట్టుకున్నదానివే."
స్తంభం వెనక నేను,
గడ్డం మొలుస్తున్నవాణ్ణి,
ఊపిరి బిగబట్టాను.
అమ్మ లేచింది.
కొవ్వొత్తుల మీదుగా చెయ్యి చాచి
మరియమ్మ కింది పెదవి తడిమింది.
అక్కడే, చిట్లిన చోటే.

ఇంటికొచ్చి ఏమీ అనలేదు.
దీపం ఆర్పే ముందు
ఓలివ్ నూనె వేలికద్దుకుని
నా పెదవికి రాసింది.

వెండి గీతలు ఇప్పుడు గోధుమరంగు తిరిగాయి.
ఆ రోజు ఎవర్ని గుర్తుపట్టావని
అమ్మను నేను అడగనే లేదు.