ద్వే, దుయి

ఇచ్ఛాపురం బస్టాండు వెనక, మూతపడ్డ సినిమా హాలు గోడకి ఆనుకుని
నా వెల్డింగు షెడ్డు.
బోర్డు మీద పైన తెలుగు, కింద ఒడియా.
రాసినవాడు ఒక్కడే, డబ్బా ఒక్కటే,
కింద వరసకొచ్చేసరికి రంగు చాల్లేదు.
"గుండ్రటి అక్షరాలు కదన్నా, తాగేస్తాయి" అన్నాడు,
మనవేవో పలకలుగా ఉన్నట్టు.

గేట్లు చేస్తాను. కొబ్బరి బళ్లకి ఇరుసులు అతుకుతాను.
డొంకూరు జాలర్లొచ్చి విరిగిన లంగరు పడేసిపోతారు,
డబ్బులు చేపలు పడ్డాక.
అంతకుముందు నాలుగేళ్లు ఓడలు అతికాను,
ఇటలీ పటంలో ఈశాన్యం మూల, మొన్‌ఫాల్కోనె అనే ఊళ్లో.
ఒక్కో ఓడా కవిటి అంత.
లోపల ఈత కొలను, నాటకాల హాలు, పెళ్లి మంటపం.
కట్టే మాకు మాత్రం
ముక్కులో ఇనప మసి, మధ్యాహ్నం పెట్టెలో చల్లారిన అన్నం.

సైకిలెక్కి తూర్పుగా తొక్కితే చెమట పట్టేలోగా ఇంకో దేశం,
పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి టీ తాగొచ్చినట్టే.
అక్కడా బోర్డులకి రెండు భాషలు.
అక్కడా కింద ఉన్నదానికే రంగు పలచన.

గొరిత్సియాలో స్టేషను ముందు ఒక మైదానం.
నడిమధ్య నేలలో గుండ్రటి రేకు.
ఈ కాలు ఒక దేశం, ఆ కాలు ఒక దేశం.
కంచె ఉండేదట ఒకప్పుడు.
నేను చూసిన ఆదివారం పిల్లలు బంతి తన్నుకుంటున్నారు,
గోలు ఎటుపక్క పడిందో అని కొట్టుకుంటున్నారు గానీ
ఏ దేశంలో పడిందని కాదు.

నా గది ఇంటావిడ మరీయా, ఎనభై దాటిన మనిషి.
నన్ను ఇటాలియనులో కసిరేది: బూట్లు బయట, కిటికీ మూయి.
అద్దె నోట్లు చేతిలో పడగానే గొంతు మారిపోయేది.
ఎనా, ద్వే, త్రి, ష్తిరి...
మొదటిసారి విన్నప్పుడు నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

మా నాయనమ్మ చంచల సురంగి నుంచి కోడలై వచ్చింది.
యాభై ఏళ్లు తెలుగులో వండింది, తెలుగులో పోట్లాడింది.
కొబ్బరికాయలు మాత్రం
ఎకొ, దుయి, తిని, చారి.
తాత మధ్యలో "ముప్పై రెండా, ముప్పై మూడా?" అని అడిగితే
గుట్టంతా మళ్లీ మొదటికి.
"లెక్కలో తెలుగు పెట్టకు, సగంలో జారిపోతాది" అనేది.

చలికాలం కొండల మీంచి అక్కడొక గాలి దిగుతుంది, బోరా.
త్రియెస్తె వీధుల్లో జనం పట్టుకుని నడవడానికి
వెనకటికి తాళ్లు కట్టేవారట.
వచ్చిందా, ఎన్నాళ్లుంటుందట,
అని దాని గురించి మాట్లాడుకుంటారు
పిలవని చుట్టం గురించి మాట్లాడినట్టు.
మన గాలులకీ పేర్లున్నాయి.
తిత్లీ అంటే సీతాకోకచిలుకట.
అది ఉద్దానం మీద వాలినప్పుడు నేను ఓడ కడుపులో
పైపులు అతుకుతున్నాను.

మూడు రోజులు ఫోన్లు లేవు.
నాలుగో రోజు నాన్న.
"అందరం ఉన్నాం రా. ఇంటి మీద రేకులు లేవు."
తోటలో తొంభై చెట్లు.
ఎన్ని నిలబడ్డాయి నాన్నా?
జవాబు లేదు. ఫోను నాయనమ్మకిచ్చినట్టున్నాడు.
ఊపిరి వినిపించింది, ఆ తర్వాత
ఎకొ.
దుయి.
తిని కోసం నేను చెవి రిక్కించి కూర్చున్నాను.
సముద్రం చప్పుడో, లైను చప్పుడో.

మరీయా వంటింట్లోంచి చూసింది. ఏమైందని అడగలేదు.
రెండు వేళ్లు చూపించాను. చెట్లని చెప్పడానికి చెయ్యి పైకెత్తాను,
పడ్డాయని చెప్పడానికి దించాను.
"ద్వే?" అంది.
"దుయి" అన్నాను.
కాఫీలో చక్కెర తనే వేసి కలిపింది,
నేను వేసుకోనని తెలిసీ.

నిన్న రంగులవాడు మళ్లీ వచ్చాడు, బోర్డు వెలిసిందని.
ఒడియా ముందు రాయరా అన్నాను,
డబ్బా నిండుగా ఉండగానే.
"మరి తెలుక్కి చాలకపోతే?"
చూద్దాం. ముందు నిచ్చెన గట్టిగా పట్టుకో, గాలుంది.