నాలుగో పళ్ళెం

గాలిమరలు బాగుచేసే యద్విగ
పోలండు మనిషి, బెళుగుప్పలో
మా మిద్దె మీద బాడుగకుంది.
డిసెంబరు ఇరవైనాలుగు, మాపటేళ దిగొచ్చి
పిడికెడు ఎండుగడ్డి అడిగింది.

ఈ కరువులో గడ్డి!
వన్నూరప్ప మాట్లాడకుండా వామిలోంచి దూసిచ్చినాడు.
బల్ల మీద పరిచి తెల్లగుడ్డ కప్పింది.

పొద్దున్నుంచి పస్తంట,
తొలిచుక్క పొడిస్తేనే ముద్ద.
గూగూడు కుళ్ళాయస్వామికి
నేనుండే ఒక్కపొద్దు మాదిరే.
గాలిమర రెక్క చుక్కను
మూసి మూసి చూపిస్తాంది.

పన్నెండు రకాలుండల్లంట.
ఉలవచారు, అలసంద గుగ్గిళ్ళు, ఊరిబిండి...
ఉప్పూ నీళ్ళూ లెక్కేసినా తొమ్మిదే.
నవ్వి, సాలన్నది.

ముగ్గురికి నాలుగు పళ్ళేలు.
నాలుగోది?
"ఎవరన్నా వస్తే."
"ఎవరు?"
"తెలీదు."

తినేటప్పుడు చెప్పింది,
ఈ రేత్రి నడిజామున
పశువులు మాట్లాడతాయంట వాళ్ళ ఊర్లో.

వన్నూరప్ప చెయ్యి ఆగింది.
ఉగాది ముందర సంతలో
జతలో ఒకదాన్ని అమ్మినాడు.

అందరం పడుకున్నాక
గుడ్డ కింది గడ్డి తీసుకుని
ఒంటెద్దు దగ్గరికి పోయినాడు.
కొట్టంలో బీడీ నిప్పు
చానాసేపు కనపడింది.

తెల్లారి వచ్చి
నాలుగో పళ్ళెం కడిగి బోర్లించినాడు.
ఏమన్నదని
నేనడగలే.