సోమవారం లోపల

ముందు కాళ్ళు ఆనాలి చీరకి.
తర్వాత పిర్రలు, తర్వాత నడుము,
తల మాత్రం ఆఖర్న,
నిండు బిందె దించినట్టు.
అరచెయ్యి వెంటనే తియ్యకూడదు.
వీపు కిందే ఉంచి, ఊపిరి లెక్కపెట్టి,
చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు
ఒక్కోటీ దొంగలా లాక్కోవాలి.

చిటికెనవేలు దగ్గర కళ్ళు తెరుస్తుంది.

మూడు నెలల పిల్ల.
కెజియా అని పేరు పెట్టారు పాస్టరుగారు.
నా గుండె మీదైతే తడిగుడ్డలా అతుక్కుని పడుకుంటుంది,
ఉయ్యాల్లో వేస్తే
పైనుంచి పడిపోతున్నట్టు రెండు చేతులూ విదిలించి
నల్లచెరువు మూడో లైను మొత్తాన్నీ లేపుతుంది.

"చేతి అలవాటు చేశావే తల్లీ" అంటుంది పక్కింటి మస్తానమ్మ.
వస అరగదీసి నాలిక్కి రాసింది,
ఉయ్యాల కింద ఇనప చీల పెట్టింది,
దిష్టి తీస్తానని ఉప్పుతో పాటు
ఏడు ఎండుమిరపకాయలు అడిగింది.
నవ్వొచ్చింది నాకు.
ఈ ఇంట్లో మిరపకాయకా కరువు?
కారం అంటని చెయ్యికి గానీ.

వాళ్ళ నాన్న యార్డులో టిక్కీలు మోస్తాడు.
రాత్రి పదింటికి వచ్చి, వీధి కుళాయి దగ్గరే
సున్నిపిండి, మజ్జిగ, కొబ్బరినూనె
వరసబెట్టి రుద్దుకుని
మోచేతి మడత మీద నాలిక ఆనించి చూసుకుంటాడు.
"ఇంకా ఉంది" అంటాడు.
చేతులు వెనక్కి కట్టుకుని
నగల కొట్టు అద్దం బయట నిలబడ్డవాడిలా
అక్కణ్ణుంచే చూసుకుంటాడు పిల్లని.
ఒక్కసారి, పుట్టిన పదకొండో రోజు,
ఆగలేక బుగ్గ తాకాడు.
ఆ రాత్రంతా అది ఎర్రబడి ఏడ్చింది,
ఆయన గోడ వైపు తిరిగి.

సోమవారం నుంచి నేనూ పనిలోకి.
తొడిమలు తీసే పని, కిలోకి ఇంతని.
రెండు నెలల అద్దె ఆగింది మరి.
పగలు మస్తానమ్మ చూస్తానంది.
రాత్రికి ఈ చేతులు కూడా ఆ చేతులే అవుతాయి.
అందుకని ఈ మూడు రాత్రుల్లో
దానికి ఒంటరిగా పడుకోవడం నేర్పాలి.

నేర్పుదామనే కూర్చున్నాను గానీ
నాకెవరు నేర్పారు?
పెదనందిపాడులో ఒక్క బొంత కింద ఆరుగురం,
అమ్మ కొంగు ఎవరి పిడికిట్లో ఉంటే
ఆ రాత్రికి వాళ్ళదే రాజ్యం.
పెళ్ళయ్యాక ఈ పది బై పది గది.
ఇరవై మూడేళ్ళలో ఒక్క రాత్రయినా
పక్కన ఇంకో ఊపిరి వినపడకుండా పడుకున్నది లేదు.
నాకు రాని చదువు
మూడు నెలల దానికి చెప్తున్నాను.

అందుకే ఒక పని చేశాను.
బుధవారం నుంచి ఒకటే చీర కట్టాను,
చిరుగు పట్టిన నీలం వాయిలు.
పాలు కారినా, చెమట కారినా ఉతకలేదు.
మస్తానమ్మ ముక్కు మూసుకుంది.
మూసుకోనీ.
ఆదివారం రాత్రి విప్పి
దీంతోనే ఉయ్యాల కడతాను.
కారం పట్టకముందటి నేను
ఆ కొక్కేనికి వేలాడుతూ ఉంటాను.
"నువ్వు దూరంనించి తాడు లాగు, చాలు" అంటే
ఆయన తాడు కాలి బొటనవేలికి కట్టుకుని
నిన్నంతా ఖాళీ ఉయ్యాల ఊపాడు,
దాంట్లోకి తొంగి తొంగి చూస్తూ.

ఇప్పుడు ఒంటిగంట.
కాళ్ళు. పిర్రలు. నడుము. తల.
చూపుడువేలు వచ్చేసింది. నడిమిది. ఉంగరంవేలు.
ఫ్యాను కిర్రుమంటోంది, అననీ.
చిటికెనవేలు
సగం.

దండెం మీద యార్డు చొక్కా గాలికి కదిలింది.
నా వెనక, నోరూ ముక్కూ రెండు చేతులా మూసుకుని,
మెడ నరాలు ఉబ్బి,
కళ్ళనీళ్ళు కారుతూ
ఆయన తుమ్ము ఆపుకుంటున్నాడు.

వద్దు, అని చూశాను.
నా వల్ల కాదు, అని చూశాడు.