పళ్ళున్న మాట

గేటు మీద రేకు బోర్డు, రంగు సగం రాలింది:
గొర్రెల్ని వర్రీ చేసే కుక్కల్ని కాల్చేస్తాం.

మనకి వర్రీ అంటే
ఫోనెత్తకపోతే పుట్టేది,
ఒక టీతో సర్దుకునేది.
కంబ్రియా కొండల్లో హెస్టర్ టాలెంటైర్‌కి
దానికి పళ్ళుంటాయి.

ఏప్రిల్ మంచులో చూలు గొర్రె, ఇంకా వేడిగానే.
మెడ దగ్గర ఉన్ని అట్టకట్టింది.

రిటైరైన ఇంగ్లీషు మాస్టారు రెయిస్‌బెక్
కుక్కని తాడేసి తానే తెచ్చాడు.
దాని మూతికి ఇంకా తెల్ల పోగు.
ఏమనాలో తెలీక పాఠం అందుకున్నాడు:
వెయ్యేళ్ళ కిందట ఆ మాటకి
గొంతు నులమడమనే అర్థమమ్మా,
తర్వాత కోరల్తో పట్టి కుదపడం,
మనసుని కరవడం
బాగా ఆలస్యంగా నేర్చింది...

హెస్టర్ వినడం లేదు.
గొర్రె కడుపు మీద అరచెయ్యి ఆనించి
లోపలి కదలికకి చెవొగ్గింది.
"కత్తి," అంది.

మాస్టారు తాడు గేటుకి చుట్టి
బురదలో మోకాళ్ళూనాడు.

రెండు పిల్లల్లో ఒకటి తుమ్మింది.

బోర్డు కింద కుక్క తోకాడిస్తోంది.
గోడకి ఆనించిన తుపాకీ ఊసు
ఎవరూ ఎత్తలేదింకా.
మాస్టారు ఏదో అడగబోయాడు.
గొంతు పెగల్లేదు.